తాత కాలం నాటి డబుల్ బ్యారెల్: ఇప్పటి తూటా కొట్టొచ్చా?

పానగల్_పిల్లగాడు (నల్లగొండ)

అందరికీ నమస్కారం. మా తాత తుపాకీ గురించి తెలిసినవాళ్ల సలహా కావాలి. 12 బోర్ డబుల్ బ్యారెల్, హ్యామర్లు బయటికి కనిపించే పాత రకం. తాత పోయినప్పటి నుంచి హైదరాబాదులో లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర డిపాజిట్‌లో ఉంది. వారసుడిగా లైసెన్సు ఇప్పుడు నా పేరు మీదికి వచ్చింది, ఇక తెచ్చుకోవడమే మిగిలింది.

బ్యారెళ్ల పొడవునా సుడులు సుడులుగా గోధుమ రంగు, నలుపు గీతలున్నాయి. అది దమాస్కస్ అని డీలర్ చెప్పాడు. బయట అక్కడక్కడ తుప్పు మచ్చలు ఉన్నాయి గానీ లోపల మాత్రం తళతళలాడుతోంది. షాపులో పని చేసే అబ్బాయి "లోపల ఇంత నీట్‌గా ఉంది, ఏ తూటా అయినా కొట్టొచ్చు" అన్నాడు.

తాత ప్రతి దసరాకు జమ్మి పూజ అయ్యాక గడీ ముందు ఒక్క తూటా ఆకాశంలోకి పేల్చేవాడు. ఈసారి మళ్లీ ఆ ఆచారం మొదలుపెట్టాలని ఇంట్లో అందరికీ ఉంది. నాకు మాత్రం కొంచెం టెన్షన్‌గా ఉంది. ఈ బ్యారెళ్లు గట్టిగా ఉన్నాయో లేదో ఎట్లా తెలుసుకోవాలి?

సూర్యాపేట_దోనాలి

ఏం కాదు తమ్మీ, పాత ఇనుము గట్టిది. ఒక లారీ టైరుకు కట్టేసి, దూరం నుంచి తాడుతో ట్రిగ్గర్ గుంజి రెండు తూటాలు కొట్టి చూడు. పగలకపోతే బాగున్నట్టే. మా దిక్కు పాతవాళ్లంతా అట్లనే చూసుకునేవాళ్లు.

పాత_ఆర్మరర్ (మహబూబ్‌నగర్)

టైరు పరీక్ష వద్దు బాబూ. ఎందుకు వద్దో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ సలహా ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది.

ప్రూఫ్ హౌస్‌లో, అంటే తుపాకీ బ్యారెళ్లను పరీక్షించి ముద్ర వేసే చోట, కూడా ఎక్కువ మందు పెట్టి కాలుస్తారు, నిజమే. మామూలు తూటా కంటే పావు వంతుకు పైగా ఎక్కువ ఒత్తిడి ఇచ్చే తూటా అది. కానీ అక్కడ పరీక్ష కాల్చడంతో అయిపోదు. కాల్చక ముందు లోపలి వ్యాసం కొలుస్తారు, కాల్చాక మళ్లీ కొలుస్తారు. ఎక్కడైనా ఉబ్బిందా, రెండు బ్యారెళ్లను కలిపే పట్టీ, అంటే రిబ్బు, టంకం విడిందా, తూటా పెట్టే వెనక కొస, అంటే బ్రీచ్, దగ్గర సందు వచ్చిందా అని చూస్తారు. అవన్నీ సరిగ్గా ఉంటేనే ముద్ర వేస్తారు. టైరుకు కట్టి కొట్టినవాడు ఇవేవీ చూడడు. పగల్లేదు కదా అని తీసుకుని భుజాన పెట్టుకుంటాడు. ఆ రెండు తూటాలతోనే లోపల సన్నటి పగులు మొదలై ఉండొచ్చు. అది మూడో తూటాకు తెరుచుకోవచ్చు, ముప్ఫయ్యో తూటాకు తెరుచుకోవచ్చు. అప్పుడు ముందు టైరు ఉండదు, మీ ఎడమ చెయ్యి ఉంటుంది.

పానగల్ తమ్ముడూ, ముందు ఒక పని చెయ్యి. డీలర్‌ను అడిగి బ్యారెళ్లు విప్పించు. ఛాంబర్ల కింద, అంటే తూటా కూర్చునే చోటు కింద, చదునుగా ఉండే భాగం మీద ముద్రలు ఉంటాయి. ఏమేమి ఉన్నాయో ఒక్కటి కూడా వదలకుండా రాసుకుని ఇక్కడ పెట్టు. లోపల తళతళలాడుతోంది అన్నావు చూడు, నాకు అదే అనుమానంగా ఉంది. నూరేళ్లు దాటిన తుపాకీ, బయట తుప్పు మచ్చలు ఉండి, లోపల కొత్తదానిలా ఉంటే, ఎవరో లోపల అరగదీశారేమో చూడాలి.

దేవరకొండ_డాక్టర్

పాత ఆర్మరర్ గారు చెయ్యి గురించి రాసింది చాలా నిజం. డబుల్ బ్యారెల్ పట్టుకునేటప్పుడు ఎడమ చెయ్యి బ్రీచ్‌కు ముందు, సుమారు 8 నుంచి 12 అంగుళాల మధ్య ఉంటుంది. బ్యారెల్ అక్కడ చీలితే వేళ్లు, అరచెయ్యి పోతాయి. ఇనుప రేకుల అంచులు, మంట, మందు మసి అన్నీ కలిసి చేసే గాయం అది. మళ్లీ పిడికిలి బిగించేలా చెయ్యి తయారవడం చాలా కష్టం. పక్కన నిలబడ్డవాళ్ల కళ్లకు కూడా ప్రమాదమే. దసరా రోజు పక్కన ఉండేది పిల్లలే కదా.

పానగల్_పిల్లగాడు

డీలర్ దగ్గరికి వెళ్లి వచ్చాను. ఆయన ఓపిగ్గా బ్యారెళ్లు విప్పి చూపించాడు. ముద్రలు ఇవి: రెండు రాజదండాలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా, పైన కిరీటం, ఆ సందుల్లో బీ, పీ, సీ అక్షరాలు. అలాంటిదే ఇంకొకటి, అందులో వీ అక్షరం. ఒక డైమండ్ ఆకారంలో 12, దాని కింద సీ. ప్రతి బ్యారెల్ మీద 13 అని అంకె. నైట్రో అని గానీ, ఎన్‌పీ అని గానీ ఎక్కడా లేదు. ఛాంబర్ పొడవు ఆయన గేజ్ పెట్టి చూసి 65 మిల్లీమీటర్లు అన్నాడు.

కృష్ణ_ఒడ్డు (గద్వాల)

చాలా బాగా రాసుకొచ్చావు తమ్ముడూ. ఈ ముద్రలు చదివితే తుపాకీ జాతకం సగం తెలుస్తుంది.

అడ్డంగా రాజదండాలు, కిరీటం, బీపీసీ అంటే ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్. ఆ ప్రూఫ్ హౌస్ 1813 చట్టంతో ఏర్పడింది. డైమండ్‌లో బోర్ అంకె, సీ వేయడం 1887 నిబంధనలతో మొదలైంది. 1904లో బర్మింగ్‌హామ్ వాళ్లు ముద్రలు మార్చి కిరీటం కింద బీపీ, బీవీ, ఎన్‌పీ వేయడం మొదలుపెట్టారు. అంటే మీ తాత తుపాకీ 1887కీ 1904కీ మధ్య ప్రూఫ్ అయ్యింది. నైట్రో ముద్ర, అంటే పొగలేని మందుతో పరీక్షించిన ముద్ర, లేదు కాబట్టి అప్పటి నల్లటి తుపాకిమందుకు, అంటే బ్లాక్ పౌడర్‌కు మాత్రమే ప్రూఫ్ అయ్యింది. ఇప్పుడు షాపుల్లో దొరికే తూటాల్లో ఉండేది పొగలేని మందు. ఈ బ్యారెళ్లకు దానితో పరీక్ష ఎన్నడూ జరగలేదు.

ఇక 13 అనే అంకె. ఇది చాలామంది పట్టించుకోరు, అసలు కీలకం ఇదే. డైమండ్‌లో ఉన్న 12 తూటా సైజు. బ్యారెల్ మీద ఉన్న 13 మాత్రం, ప్రూఫ్ చేసిన రోజున బ్రీచ్ నుంచి 9 అంగుళాల దూరంలో లోపలి వ్యాసం ఎంత ఉందో చెప్తుంది. 13 అంటే 0.710 అంగుళం. 0.719కి చేరితే 13 కింద 1 వేసేవాళ్లు, 0.729కి చేరితే 12 వేసేవాళ్లు. కాబట్టి ఆ రోజున ఈ బ్యారెళ్ల లోపలి కొలత 0.710కీ 0.718కీ మధ్య ఉంది. ఈ రోజు ఎంత ఉందో కొలిస్తే, ఈ నూరేళ్లలో లోపల ఎంత ఇనుము పోయిందో లెక్క తేలిపోతుంది.

లేత్_మిర్యాలగూడ

కొలవడం గురించి నేను చెప్తా. ఇంజిన్ సిలిండర్ పని చేసే షాపుల్లో 18 నుంచి 35 మిల్లీమీటర్ల వరకు కొలిచే డయల్ బోర్ గేజ్ ఉంటుంది. 12 బోర్ తుపాకీ లోపల సుమారు 18.5 మిల్లీమీటర్లు కాబట్టి అది పనికొస్తుంది. కాకపోతే మామూలు గేజ్ 9 అంగుళాల లోపలికి అందదు, ఎక్స్‌టెన్షన్ రాడ్ కావాలి. నా దగ్గర ఉంది.

అంతకంటే ముఖ్యం గోడ మందం. లోపలి వ్యాసం తెలిస్తే సరిపోదు, బయట కూడా ఎవరైనా గీకి ఉంటే? రెండు బ్యారెళ్ల మధ్య రిబ్బు ఉంటుంది కాబట్టి వెర్నియర్ పెట్టి కొలవలేం. ఒక పొడవాటి రాడ్‌ను అడ్డంగా బిగించి, దాని చివర చిన్న గుండ్రటి మొన పెట్టి, సరిగ్గా దాని ఎదురుగా డయల్ ఇండికేటర్ పెట్టాలి. బ్యారెల్‌ను రాడ్ మీదికి తొడిగి మెల్లగా తిప్పుకుంటూ, ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ పోతే ప్రతి చోటా మందం ఎంతో డయల్ చూపిస్తుంది. ఒక వైపు మందంగా, ఒక వైపు పల్చగా ఉండడం మామూలే, పాత బ్యారెళ్లలో మరీ ఎక్కువ. అందుకే ఒక్క చోట కొలిచి వదిలేయకూడదు.

పాత_ఆర్మరర్

లేత్ అన్న చెప్పినట్టే చెయ్యాలి. 12 బోర్‌లో ఛాంబర్ దాటాక ముందుకు పోయే కొద్దీ గోడ పల్చబడుతుంది, అది డిజైన్‌లోనే ఉంటుంది. 25 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు 25, సుమారు 0.63 మిల్లీమీటర్లు, ఉంటే నిశ్చింత. 20 థౌ, అంటే సుమారు 0.5 మిల్లీమీటర్, అంతకంటే తగ్గితే ఇంగ్లండులో కూడా తెలిసినవాళ్లు వెనక్కి తగ్గుతారు. అది కూడా ముందు భాగంలో అయితేనే. చెయ్యి ఉండే చోట 20 నాకు సరిపోదు.

చూసి తెలుసుకునేవి కూడా కొన్ని ఉన్నాయి, అవి కొలతకు ముందు చెయ్యాలి. బ్యారెల్‌ను కిటికీ వైపు తిప్పి లోపలికి చూడండి. కిటికీ అంచు నీడ లోపల గీతలా పడుతుంది. ఆ గీత ఎక్కడైనా వంగి ఉంగరంలా కనిపిస్తే అక్కడ ఉబ్బు ఉన్నట్టు. బ్యారెల్‌లో అడ్డు ఏదో ఉండగా ఎప్పుడో కాల్చి ఉంటారు. సొట్ట పడితే సరిచేయొచ్చు, ఉబ్బిన లోహం మాత్రం సాగిపోయిన లోహం. ఇంకోటి: బ్యారెళ్లను కింద పొడుచుకొచ్చి ఉండే ఇనుప ముక్క, అంటే లంపు, దగ్గర దారం కట్టి వేలాడదీసి గోరుతో తట్టండి. ఖంగుమని మోగితే రిబ్బు టంకం గట్టిగా ఉంది. గర్రుమంటే ఎక్కడో విడిపోయింది. అయితే ఆ మోత గోడ మందం గురించి ఏమీ చెప్పదు, ఇది గుర్తుంచుకోవాలి. ఖంగుమని మోగిన బ్యారెళ్లు కూడా పేలిపోతాయి.

సూర్యాపేట_దోనాలి

సార్, మీరు చెప్పింది అర్థమైంది, టైరు సంగతి వదిలేశా. కానీ దమాస్కస్ అంటేనే పేలిపోతుందని అందరూ భయపెడతారు. ఇంగ్లండులో ఇప్పటికీ దమాస్కస్ తుపాకులతో పక్షుల్ని కొడుతున్నారు కదా? మరి అవెట్లా తట్టుకుంటున్నాయి?

కృష్ణ_ఒడ్డు

మంచి ప్రశ్న. దమాస్కస్ అంటేనే చెడ్డది అనడం తప్పు. ఇనుము, ఉక్కు కడ్డీలను మెలితిప్పి, పట్టీలుగా చేసి, కమ్మీ చుట్టూ చుడుతూ కొలిమిలో అతుకు వేసి చేసిన బ్యారెల్ అది. బర్మింగ్‌హామ్‌లో, బెల్జియంలోని లియేజ్‌లో ఎంతో నేర్పున్న పనివాళ్లు చేశారు. తర్వాతి కాలంలో నైట్రోకు ప్రూఫ్ చేసి పాసైన దమాస్కస్ బ్యారెళ్లు చాలానే ఉన్నాయి. ఇంగ్లండులో వాడేవాళ్లు అట్లాంటివే వాడతారు. 1868 ప్రూఫ్ చట్టం ప్రకారం అక్కడ ప్రూఫ్ చెల్లకుండా పోయిన తుపాకీని అమ్మడమే నేరం, అనుమానం వస్తే మళ్లీ ప్రూఫ్‌కు పంపుతారు. మనకు ఆ సదుపాయం దగ్గర్లో లేదు. అదే అసలు తేడా.

దమాస్కస్‌లో ఉన్న ఒక ఇబ్బంది మాత్రం చెప్పాలి. అంతా అతుకులే కాబట్టి, కొలిమిలో పోగా మిగిలిన చిట్టెం రేణువులు ఆ అతుకుల్లో ఉండిపోయి ఉండొచ్చు. బ్లాక్ పౌడర్ కాలాక మిగిలే మసి గాలిలో తేమను పీల్చుకుంటుంది, తుప్పు అతుకు వెంబడి లోపలికి దిగుతుంది. పై నుంచి చూస్తే కనిపించదు. మన దగ్గర వానాకాలం నాలుగు నెలలు, ఆపైన తోలు పెట్టెల్లో, బీరువాల్లో ఏళ్లకేళ్లు పడుండడం. 1948కి ముందూ తర్వాతా మన జిల్లాల్లో ఎన్నో తుపాకులు గరిసెల్లో, గోడల్లో, మట్టి కింద దాక్కున్నాయని పెద్దలు చెప్తారు. అలాంటి చోట్ల ఏళ్ల తరబడి ఉన్న బ్యారెల్‌ను కంటితో చూసి నమ్మకూడదు.

నల్లమల_అంచు (అచ్చంపేట)

నడుమ దూరి అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మా పాత ఇల్లు ఇప్పుతుంటే అటక మీద ఒక బర్మారు దొరికింది. మూతి నుంచి మందు పోసే రకం. అడవిపందులు మక్క చేన్లను నాశనం చేస్తున్నయ్, దాన్ని బాగు చేయించి వాడుకోవచ్చునా అని మా తమ్ముడు అడుగుతున్నడు.

పాత_ఆర్మరర్

తమ్ముడూ, ముందు దాన్ని ఎవరి వైపూ తిప్పకుండా, హ్యామర్ ముట్టుకోకుండా ఒక మూల పెట్టు. బర్మార్లలో మందు నింపి అలాగే వదిలేయడం మామూలు. బ్లాక్ పౌడర్ పొడిగా ఉంటే ఎన్నేళ్లయినా పని చేస్తుంది, పాతదైంది కదా అనుకోవద్దు. నింపి ఉందో లేదో తెలియాలంటే ఒక చెక్క పుల్లను మూతిలోంచి లోపలికి పెట్టి, అది ఎంత లోతు దిగిందో గుర్తు పెట్టి, బయట బ్యారెల్ పక్కన ఉంచి చూస్తారు. పుల్ల అడుగు దాకా దిగకపోతే లోపల ఏదో ఉన్నట్టే. ఇది తెలిసినవాళ్లు చెయ్యాల్సిన పని, నువ్వు ఇంట్లో చెయ్యొద్దు, మూతి ముందు మొహం అసలే పెట్టొద్దు. పైగా వెనక బిగించిన బిరడా మరలు తుప్పు పట్టి ఉంటాయి, పేలితే అది వెనక్కి కంటి మీదికే వస్తుంది.

వకీల్_పాలమూరు

అచ్చంపేట అన్నా, లైసెన్సు లేని తుపాకీ ఇంట్లో ఉంచుకోవడం నేరం, ఎంత పాతదైనా సరే. పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసి, ఇల్లు ఇప్పుతుంటే దొరికిందని చెప్పండి. వాళ్లే వచ్చి తీసుకెళ్లేలా చూడండి, మీరు బండి మీద పెట్టుకుని తీసుకెళ్లొద్దు. ఫోన్ చేసిన టైం, మాట్లాడినవారి హోదా రాసి పెట్టుకోండి. పందుల సంగతి వేరు. పంట నష్టం గురించి అటవీ శాఖకు దరఖాస్తు పెట్టండి, అనుమతి ఉన్న షూటర్ ద్వారానే అది జరగాలి. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ పక్కనే ఉన్నారు కాబట్టి మరింత జాగ్రత్త.

ఇక పానగల్ తమ్ముడికి కొన్ని మాటలు. నువ్వు అడగలేదు గానీ చెప్పకపోతే తప్పు. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 5 చదివితే తుపాకీని రిపేరు చెయ్యడమే కాదు, టెస్ట్ చెయ్యడం, ప్రూఫ్ చెయ్యడం కూడా ప్రత్యేక లైసెన్సు ఉన్నవాళ్లే చెయ్యాలి. నీ పేరు మీద ఉన్న లైసెన్సు దగ్గర ఉంచుకోవడానికి. కాబట్టి టైరు పరీక్ష చట్టం ప్రకారం కూడా కుదరదు. కొలతలు డీలర్ షాపులోనే, అతని సమక్షంలో తీయించు. బ్యారెళ్లు పట్టుకుని లేత్ షాపుకు పోవద్దు. చివరన పల్చగా ఉంది కదా అని కోయించాలనే ఆలోచన వస్తే, బ్యారెల్ పొట్టి చెయ్యడం గురించి సెక్షన్ 6 వేరే ఉంది.

ఇంకా ముఖ్యమైనది దసరా. 2019 సవరణతో సెక్షన్ 25లో కొత్తగా చేర్చారు: పెళ్లిళ్లు, మతపరమైన చోట్లు, జనం గుమిగూడిన సందర్భాల్లో సంబరం కోసం తుపాకీ పేల్చి, ఇతరుల ప్రాణానికి ప్రమాదం తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్సు ఉన్న తుపాకీ అయినా ఇదే. మీ తాత కాలంలో ఈ నిబంధన లేదు. పైకి పేల్చిన ఛర్రాలు, అంటే తూటాలోని చిన్న గుళ్లు, ఎక్కడో ఒక చోట దిగుతాయి కూడా.

పానగల్_పిల్లగాడు

వకీల్ సార్, ఇది నాకు అసలు తెలియదు. ఇంట్లో ఈ రాత్రే చెప్తాను. అయినా తుపాకీ సంగతి పూర్తిగా తెలుసుకోవాలని ఉంది, రేపు నా పిల్లలు అడిగినా చెప్పగలగాలి. లేత్ అన్నా, గేజ్ పట్టుకుని డీలర్ షాపుకు ఒకసారి రాగలరా? దారి ఖర్చులు నేను పెట్టుకుంటా.

లేత్_మిర్యాలగూడ

ఖర్చులదేముంది తమ్మీ, ఎలాగూ సరుకు కోసం సిటీకి వస్తుంటా. డీలర్ ఒప్పుకుంటే చాలు.

లేత్_మిర్యాలగూడ

కొలిచేశాం. డీలర్ కూడా పక్కనే కూర్చుని రాసుకున్నాడు, చాలా శ్రద్ధ ఉన్న మనిషి.

బ్రీచ్ నుంచి 9 అంగుళాల దగ్గర లోపలి వ్యాసం: కుడి బ్యారెల్ 18.41 మిల్లీమీటర్లు, అంటే 0.725 అంగుళం. ఎడమ బ్యారెల్ 18.59, అంటే 0.732 అంగుళం.

గోడ మందం, అతి పల్చగా ఉన్న చోట: కుడి 0.58 మిల్లీమీటర్లు, సుమారు 23 థౌ. ఎడమ 0.43, అంటే 17 థౌ. ఎడమ బ్యారెల్‌లో ఆ పల్చటి చోటు బ్రీచ్ నుంచి 12 అంగుళాల దూరంలో, కింది వైపు ఉంది. సరిగ్గా అరచెయ్యి ఆనుకునే చోట. దాని ఎదురు వైపు, అంటే రిబ్బు వైపు, మందం బాగానే ఉంది. లోపలి రంధ్రం ఒక వైపుకు జరిగినట్టు స్పష్టంగా తెలుస్తోంది.

ఛాంబర్ ముందు, లోపల వెలుతురు వేసి చూస్తే గుండ్రంగా చుట్టూ సన్నటి గీతలు కనిపించాయి. ఎమరీ పట్టీ చుట్టి తిప్పిన గీతలు అవి, నా పనిలో రోజూ చూసేవే.

పాత_ఆర్మరర్

సరే, ఇప్పుడు అంతా తెలిసింది. ప్రూఫ్ రోజున ఎక్కువలో ఎక్కువ 0.718 ఉన్న బ్యారెల్ ఇప్పుడు 0.732. తక్కువలో తక్కువ 14 థౌ పెరిగింది. 0.710 నుంచి మొదలైతే 22 థౌ. తుప్పు గుంటలు పడితే వాటిని కనిపించకుండా చెయ్యడానికి ఎవరో లోపల అరగదీశారు. గుంటలు పోయాయి, వాటితో పాటు గోడ కూడా పోయింది. షాపులో అబ్బాయికి కనిపించిన తళతళ అదే. గుంటలు ఉన్న బ్యారెల్‌ను చూస్తే ఎవరైనా జాగ్రత్త పడతారు, అరగదీసినదాన్ని చూసి మోసపోతారు. అందుకే పాత తుపాకీ కొనేవాళ్లకు నేను ఎప్పుడూ చెప్తాను: లోపలి మెరుపు చూసి ధర పెట్టొద్దు, కొలత చూసి పెట్టండి.

ముద్ర వేసిన కొలత కంటే 10 థౌ పెరిగితే ప్రూఫ్ చెల్లదని ఇంగ్లండులో లెక్క. 13 అంకెను 0.710గా తీసుకుంటే కుడి బ్యారెల్ కూడా దాటిపోయింది. ఎడమది అయితే మాట్లాడాల్సిన పనే లేదు. ఈ తుపాకీతో కాల్చకూడదు తమ్ముడూ.

సూర్యాపేట_దోనాలి

కుడి బ్యారెల్ 23 థౌ ఉంది కదా సార్. తక్కువ మందు ఉన్న తూటా పెట్టి ఆ ఒక్క బ్యారెల్‌తో?

పాత_ఆర్మరర్

అడగాల్సిన మాటే అడిగావు. మూడు కారణాలు చెప్తాను. ఒకటి, ఈ తుపాకీ ప్రూఫ్ అయింది బ్లాక్ పౌడర్‌కు. మన షాపుల్లో దొరికే తూటాల్లో అది ఉండదు. తూటాలో ఛర్రా తక్కువ ఉన్నంత మాత్రాన ఒత్తిడి తక్కువ అని అనుకోకూడదు. యూరప్ లెక్కలో మామూలు 12 బోర్ తూటాకు 740 బార్ వరకు ఒత్తిడి ఉండొచ్చు. ఆ బ్లాక్ పౌడర్ తూటాల ఒత్తిడి సాధారణంగా దానికంటే చాలా తక్కువ. ఇంట్లో మందు నింపుకుని తూటాలు చేసుకుందామా అంటే అది చట్టం ఒప్పుకోదు.

రెండు, ఛాంబర్ 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు ఎక్కువగా దొరికేవి 70. తూటా మీద రాసే పొడవు కాల్చాక తెరుచుకున్న పొడవు. మడత పెట్టిన 70 మిల్లీమీటర్ల తూటా 65 ఛాంబర్‌లో హాయిగా కూర్చుంటుంది, మూత కూడా పడుతుంది. కాల్చినప్పుడు దాని మూతి ముందుకు తెరుచుకుని, ఛాంబర్ ముందు సన్నబడే చోట ఇరుక్కుంటుంది. ఆ సన్నటి సందులోంచి ఛర్రా అంతా పోవాలి, ఒత్తిడి పెరుగుతుంది. కూర్చుంది కదా అని కాల్చేవాళ్లు చాలామంది ఉన్నారు.

మూడు, మన ఎండలు. నల్లగొండలో మే నెలలో కారు డిక్కీలో పెట్టిన తూటా ముట్టుకోలేనంత వేడెక్కుతుంది. పొగలేని మందు వేడిగా ఉంటే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. కొత్త తుపాకీ తట్టుకుంటుంది. ఇది తట్టుకోవాలని ఎందుకు ఆశించాలి?

కృష్ణ_ఒడ్డు

ఒక మాట కలుపుతాను. ఇంగ్లండులో అయితే ఇలాంటి బ్యారెళ్లను బ్రీచ్ దగ్గర కోసి, కొత్త ఉక్కు గొట్టాలు అతికి మళ్లీ ప్రూఫ్ చేయిస్తారు. అది చాలా ఖర్చుతో కూడిన పని, ఆ దమాస్కస్ సుడులు కూడా పోతాయి. మీ తాత తుపాకీకి అలా చెయ్యడం నాకైతే ఇష్టం లేదు. ఆ సుడుల కోసమే దాన్ని ఉంచుకోవాలి.

పానగల్_పిల్లగాడు

ఇంట్లో కూర్చుని అందరితో మాట్లాడాను. బాపుకు లేత్ అన్న రాసిచ్చిన కాగితం చూపించాను. 17 థౌ అంటే ఎంతో తెలియడానికి ఆయన వెర్నియర్‌ను అంతకు తెరిచి చూశాడు. ఇక మాట్లాడలేదు, "వద్దురా, పూజలో పెడదాం" అన్నాడు. దసరాకు ఆయుధ పూజలో పెడతాం, పేల్చం. వకీల్ సార్, ఇది లైసెన్సు మీద ఉంచుకోవడంలో ఇబ్బంది ఉందా? నూరేళ్లు దాటింది కదా, పురాతన వస్తువుగా లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చని ఒకాయన అన్నాడు.

వకీల్_పాలమూరు

ఆ మాట నమ్మొద్దు. సెక్షన్ 45లో పురాతన విలువ ఉన్న ఆయుధాలకు మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ రిపేరు చేసినా చెయ్యకపోయినా తుపాకీగా పనికిరానిదై ఉండాలి. మీది పనికొచ్చే యంత్రమే, కాల్చడం ప్రమాదం అంతే. కాబట్టి లైసెన్సు కొనసాగించండి, రెన్యువల్ తప్పించొద్దు. 2019 సవరణ తర్వాత ఒకరి పేరు మీద రెండు తుపాకులే ఉండొచ్చు, అది కూడా లెక్కలో పెట్టుకోండి. ఒకవేళ ఎప్పుడైనా వద్దనుకుంటే, ఇప్పటిలాగే లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరో, స్టేషన్‌లోనో డిపాజిట్ చెయ్యొచ్చు. డీలర్ నుంచి తెచ్చేటప్పుడు లైసెన్సు పుస్తకంలో ఎంట్రీ సరిగ్గా ఉందో చూసుకోండి, నంబర్ ఒక్క అంకె తేడా ఉన్నా తర్వాత తలనొప్పి.

పాత_ఆర్మరర్

ఇంటికి తెచ్చాక ఎట్లా ఉంచాలో కూడా రాస్తాను. తోలు పెట్టెలో పెట్టొద్దు, తోలు తేమ పట్టి ఉంచుతుంది. బ్యారెల్ మూతిలో దూది, గుడ్డ కుక్కొద్దు. కొబ్బరి నూనె, ఆవ నూనె వద్దు, అవి ఎండి జిగటగా పట్టేస్తాయి. గన్ ఆయిల్ గుడ్డకు రాసి పల్చగా తుడవాలి, అంతే. నిలబెట్టే పని ఉంటే కొన్ని రోజులు మూతి కిందికి ఉంచు, లేకపోతే నూనె కారి కట్టె మెడలోకి దిగి కట్టె మెత్తబడుతుంది. బయటి తుప్పు మచ్చల్ని ఇసుక కాగితంతో మాత్రం రుద్దకు. ఆ గోధుమ రంగు పూత పోతే సుడులు కూడా కనిపించవు. ఏడాదికోసారి, ముఖ్యంగా వానలు ఆగాక, విప్పి చూడు. కుమ్మరి పురుగులు మట్టి గూళ్లు కట్టడానికి బ్యారెల్ రంధ్రం లాంటివే వెతుక్కుంటాయి.

చివరగా, ఆ తుపాకీ పెట్టెలోనే ఒక కార్డు మీద లేత్ అన్న కొలతలు, "కాల్చరాదు" అని రాసి పెట్టు. నీ తర్వాత తీసేవాళ్లకు ఈ చర్చ కనిపించకపోవచ్చు.

నల్లమల_అంచు

స్టేషన్ నుంచి వచ్చి బర్మారు తీసుకపోయిండ్రు. లోపల మందు, గుండు రెండూ ఉన్నయని చెప్పిండ్రు. మా తమ్ముడు దాన్ని పొయ్యి గదిలో పెట్టిండు అంతకు ముందు రోజే. చెప్పినందుకు మీ అందరికీ దండాలు.

సూర్యాపేట_దోనాలి

నా దగ్గర ప్రభుత్వ ఫ్యాక్టరీలో చేసిన 12 బోర్ ఉంది, అంత పాతది కాదు. దానికి కూడా ఇవన్నీ చూడాలా సార్?

పాత_ఆర్మరర్

ఛాంబర్ పొడవు బ్యారెల్ మీద రాసి ఉంటుంది, అది చూడు, తూటా డబ్బా మీద ఉన్నది దానికి మించకూడదు. కిటికీ నీడ పెట్టి సొట్టలు, ఉబ్బులు చూడు. ముందు చెక్క తీసేసి బ్యారెళ్లు ఊగుతున్నాయేమో చేత్తో కదిపి చూడు. తూటాల సంచిలో 20 బోర్ తూటా ఒక్కటి కూడా లేకుండా చూసుకో. అది 12 బోర్ ఛాంబర్‌లోకి జారి, ముందు సన్నబడే చోట ఇరుక్కుంటుంది. వెనక నుంచి చూస్తే ఖాళీగానే కనిపిస్తుంది. దాని వెనక 12 తూటా పెట్టి కాలిస్తే కొత్త బ్యారెల్ కూడా ఆగదు. ప్రతిసారీ తూటా పెట్టే ముందు బ్యారెల్ లోంచి వెలుతురు చూడు.

సూర్యాపేట_దోనాలి

ఛాంబర్ 70 అని ఉంది సార్. డీలర్ దగ్గరికి పోయి ఊగుడు కూడా చూపించుకుంటా, ముందు చెక్క తీస్తే కొంచెం కదులుతున్నట్టే అనిపిస్తోంది. అది తేలే దాకా కాల్చను.